నీలం సుద్ద గీత

రంభ రేవులో పడవెక్కినప్పుడు పొద్దున్న ఆరు.
కుంతల చేతిలో కిరోసిన్ స్టవ్వు,
నా చేతిలో గొడుగూ, నోటుబుక్కూ,
బరంపురంలో కొన్న అప్పడాల కట్టా.

పడవ పాతది. ఒకప్పుడు ఉప్పు మోసేదట.
ఇప్పుడు నడుమ తాటాకు కప్పు,
రెండు నులకమంచాలు, ఒక లాంతరు.
"ఇల్లే అనుకోండమ్మా," అన్నాడు చోడిపల్లి కామేసు,
"గోడలొక్కటీ అడక్కండి."

ముప్పైరెండేళ్ళు ఛత్రపురం బడిలో
నల్లబల్ల మీద ఈ కాలువని గీశాను.
చిలికలో మొదలెట్టి రుషికుల్యలో ఆపే
ఒక్క ఊపు గీత, నీలం సుద్దతో.
పిల్లలూ అలాగే గీసేవారు, కొందరు స్కేలు పెట్టి.
వంకర పోతే అర మార్కు కోసేదాన్ని.

చూడలేదు ఎప్పుడూ.
బస్సులో గంట దూరం.

సరస్సు దాటి పాలూరు వైపు
కాలువ మొగ వెతకడానికే ఒక పూట పట్టింది.
తుంగ, వలకర్రలు, మళ్ళీ తుంగ.
తరవాత ఒక్కసారిగా రెండు పక్కలా గట్లు,
ఎవరో వెనకనుంచి తలుపు మూసినట్టు
గాలి ఆగిపోయింది.

ఒడ్డున ఒక మైలురాయి. అంకె సగం పెచ్చూడింది.
మూడంది కుంతల. ఎనిమిదన్నాను నేను.
కామేసు చూడనైనా చూడలేదు:
"అది మేకని కట్టీ రాయి."

గెడ దించి లోతు చూసేటప్పుడు
అతను తెలుగులో లెక్కపెడతాడు.
బురదలో గెడ ఇరుక్కుంటే ఒడియాలో తిడతాడు.
ఇన్నేళ్ళు ఈ నేల మీద ఉండీ
ఆ మాటలు నాకు కొత్త.
కుంతలకి కొత్త కాదు. చెవులు ఎర్రబడ్డాయి,
అర్థం మాత్రం చెప్పలేదు.

"మా తాత ఈ గట్టెమ్మట తాడు లాగీవోడు,
ఉప్పు బస్తాలతో, ఎదురునీట.
బుజం మీద గుంట పడిపోనాది.
సిన్నప్పుడు అందల నా పిడికిలెట్టీవోణ్ణి.
సరిగ్గా పట్టీది."

రెండోరోజు మధ్యాహ్నం పడవ ఆగింది.
దిగి చూస్తే నీళ్ళు చీలమండల దాకా.
ముందు గుర్రపుడెక్క, దాని మీద నడిచే కొంగ,
ఆపైన కాలువ నడిబొడ్డున
ఎవరిదో బీరపందిరి.

పందిరి కింద ఒక ముసలామె కాయలు కోస్తోంది.
ఇది కాలువే కదా అని కుంతల అడిగింది.
"కాలువే. మా మామగారు పాదు పెట్టేదాకా."
నాలుగు కాయలిచ్చింది.
వండబోతే తెలిసింది, ఉప్పు తేలేదని.
ఉప్పు మోసిన పడవలో ఉప్పు లేదు!
మళ్ళీ ఆమె దగ్గరికే వెళ్ళి
ఒక గుప్పెడు అడుక్కొచ్చాను.

అప్పడాలు కాల్చుకుంటుంటే గుర్తొచ్చాడు
దండపాణి జెనా. చివరి బెంచీ.
నా నీలం గీతని నడుమ తెంచి,
వేలెడు ఖాళీ వదిలి, మళ్ళీ గీసినవాడు.
సుద్ద అరిగిపోయిందా అని అడిగాను.
ఏమీ చెప్పలేదు వాడు.
సున్నా వేశాను.

ముసలామెని అడిగి చూశాను, జెనాల అబ్బాయి, పొట్టిగా ఉండేవాడని.
"ఏ జెనా అమ్మా? ఈ ఊళ్ళో సగం మంది జెనాలే.
అందరూ పొట్టే."

రాత్రి ఏ జామునో తెలీదు,
మంచం కింద ఎవరో వీపు ఆనించి
మెల్లగా లేస్తున్నట్టు
పడవ పైకి తేలింది. సముద్రం అటునుంచి
పోటు పంపింది, ఇంత సన్నటి దారిలోంచి,
పాత బాకీ చిల్లర చెల్లించినట్టు.
"లెగండమ్మా," కామేసు గొంతు చీకట్లో,
"తిప్పుకోడానికి సాలుద్ది. దాటడానికి సాలదు."

లాంతరు వత్తి పెంచి నోటుబుక్కు తెరిచాను.
గెడ నీళ్ళలో పడింది.
ఒకటి, రెండు, రెండున్నర, అంటున్నాడు.
గీత మొదలుపెట్టాను.
పందిరి దగ్గరికొచ్చేసరికి
పెన్సిలు ఎత్తి పట్టుకున్నాను.